గెంతు లేని వీరుడు: ‘బయోనిక్ కమాండో’లో కొక్కెపు తాడు

సభకు నమస్కారం.

ఆటల రూపకల్పన నేర్చుకుంటున్న మీ ముందు ఈరోజు ఒకే ఒక ఆటను, అందులోనూ ఒకే ఒక కదలికను విప్పి చూపాలన్న ఉద్దేశంతో వచ్చాను. ఆ ఆట పేరు ‘బయోనిక్ కమాండో’. క్యాప్‌కామ్ సంస్థ దీనిని 1987లో ఆర్కేడ్ యంత్రాల కోసం, అంటే దుకాణాల్లో నాణెం వేసి ఆడే ఆట పెట్టెల కోసం తయారుచేసింది. 1988లో నింటెండో ఇంటి యంత్రం కోసం దాదాపు కొత్త ఆటగా మలిచింది. నేను మాట్లాడబోయేది ప్రధానంగా ఈ రెండవదాని గురించే. ఇందులో కథానాయకుడికి చేతి స్థానంలో ఒక యంత్రపు చెయ్యి ఉంటుంది. అది తాడులా సాగి, దూరంగా ఉన్న దూలాన్నో, పైకప్పునో, దీపస్తంభాన్నో పట్టుకుంటుంది. అతడు దానికి వేలాడి, ఊగి, అవతలి గట్టుకు చేరుకుంటాడు. అంతవరకు ఎవరైనా చెప్పగలిగిన సంగతే. ఈ ఆటను మిగిలిన వాటి నుంచి వేరు చేసేది ఆ చెయ్యి ఒక్కటే కాదని, ఆ చేతి కోసం రూపకర్తలు తీసివేసిన మరొక కదలికలోనే అసలు ఆలోచన ఉందని నా నమ్మకం. వారు తీసివేసినది గెంతును. ఈ వీరుడు గెంతలేడు.

ఈ మాటను కాసేపు మనసులో నిలుపుకోండి. మెట్ల మీదుగా, గట్ల మీదుగా సాగే ఆటల్లో చాలావాటికి గెంతే ప్రాణం. 1981లో ‘డాంకీ కాంగ్’ వచ్చినప్పుడు, తరువాతి కాలంలో మారియోగా లోకప్రసిద్ధి పొందిన పాత్రకు మొదట పెట్టిన పేరే జంప్‌మ్యాన్. 1985 నాటి ‘సూపర్ మారియో బ్రదర్స్’లో బటన్ ఎంతసేపు నొక్కితే అంత ఎత్తుకు గెంతడం, గాలిలో ఉండగానే కొంత దిశ మార్చుకోవడం సాధ్యమైంది, ఆ వెసులుబాటు తరువాతి ఎన్నో ఆటలకు ఒరవడిగా నిలిచింది. అటువంటి కాలంలో, అదే యంత్రం మీద, మోకాలెత్తు పీపా అడ్డం వచ్చినా దాటలేని సైనికుడిని ఆటగాడి చేతిలో పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

ఆ ధైర్యం ఒక్కరోజులో వచ్చినది కాదు. ఈ ఆట వెనుక ఉన్న ప్రధాన రూపకర్త టోకురో ఫుజివారా. ఆయన క్యాప్‌కామ్‌కు రాక ముందు కొనామీ అనే మరో ఆటల సంస్థలో పనిచేశారు. అక్కడ 1983లో ఆయన రూపొందించిన ‘రాక్ ఎన్ రోప్’ ఆటలో కథానాయకుడు కొక్కెం ఉన్న తాడును పై గట్టుకు విసిరి, ఆ తాడు పట్టుకుని పాకుతూ కొండ కొసన ఉన్న పక్షిని చేరుకోవాలి. అక్కడ కూడా గెంతు లేదు. కానీ ఆ తాడు ఒకసారి వేస్తే అలాగే ఉండిపోయే వంతెన వంటిది. దాని మీదుగా ఆటగాడు వెళ్లినట్లే శత్రువులూ రాగలరు. నాలుగేళ్ల తరువాత ఫుజివారా అదే ఆలోచనను మళ్లీ చేతిలోకి తీసుకుని, తాడును రెండు గట్ల మధ్య కట్టడం మాని, మనిషి భుజానికే కట్టారు. అప్పటికి వంతెనగా ఉన్నది కాస్తా లోలకమైంది. ఈ ఒక్క మార్పుతో ఆట స్వభావమే మారిపోయింది. వంతెన దాటేవాడు తొందర లేకుండా నడవవచ్చు. లోలకం మీద ఉన్నవాడు క్షణక్షణం కదులుతూ ఉంటాడు, ఎప్పుడు వదలాలో తానే తేల్చుకోవాలి.

ఇక నింటెండో యంత్రం దగ్గరకు వద్దాం. దాని కంట్రోలర్ మీద దిశల మీట కాక, ఆట నడుస్తున్నప్పుడు పనికివచ్చే బటన్లు రెండే. సాధారణంగా ఒకటి గెంతడానికి, ఒకటి కాల్చడానికి. ‘బయోనిక్ కమాండో’ ఒకదానిని తుపాకికి ఇచ్చి, గెంతు ఉండవలసిన చోట చేతిని కూర్చోబెట్టింది. ఆనాటి పిల్లల బొటనవేలికి అలవాటైన చోటనే ఈ మార్పు జరిగింది కనుక, మొదటి నిమిషంలోనే ఆటగాడి శరీరం ఒక చిన్న తాకిడికి లోనవుతుంది. అలవాటుగా గెంతబోయిన వేలికి బదులుగా చెయ్యి ఏటవాలుగా పైకి దూసుకుపోతుంది, దేనినో పట్టుకుంటుంది, మనిషి నేల వదిలి ఊగుతాడు. ఏ పాఠ్యపుస్తకం లేకుండా, ఒక్క వాక్యం వివరణ లేకుండా, ఆట తన మొదటి పాఠం చెప్పేసింది.

ఆ చెయ్యి సాగే దిశలు మూడు. ఊరక నిలబడి బటన్ నొక్కితే ముందుకూ పైకీ 45 డిగ్రీల ఏటవాలుగా సాగుతుంది. మీటను పైకి పట్టుకుని నొక్కితే నిటారుగా నెత్తి మీదకు సాగుతుంది. కూర్చుని నొక్కితే నేలకు సమాంతరంగా ఎదురుగా సాగుతుంది. ఎదురుగా సాగిన చెయ్యి దూరంగా పడి ఉన్న వస్తువును దగ్గరకు తెస్తుంది, ఎదురుపడ్డ సైనికుడిని నెట్టేస్తుంది. నిటారుగా సాగినది పైగట్టును పట్టుకుని మనిషిని దాని మీదకు ఎక్కిస్తుంది. ఏటవాలుగా సాగినదే ఊపును ఇస్తుంది. మూడింటిలో డిఫాల్ట్‌గా ఏటవాలును ఎంచుకోవడమే, నా దృష్టిలో, ఈ ఆట మొత్తంలో అత్యంత తెలివైన నిర్ణయం. ఎందుకో కొంచెం నిదానంగా చెబుతాను.

నింటెండో తెర మీద చిత్రం 256 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు ఉంటుంది. వెనుక కనిపించే గోడలు, గట్లు అన్నీ 8 చుక్కల పలకలను పేర్చి కట్టినవే. అటువంటి గళ్ల కాగితం వంటి లోకంలో 45 డిగ్రీల గీత అంటే ఒక గడి ముందుకు, ఒక గడి పైకి. కాబట్టి ఆటగాడికి ఏ లెక్కా చెప్పనక్కరలేదు; ఎంత ఎత్తో అంత దూరం. పైకప్పు తన ఎత్తుకు రెండింతల పైన ఉంటే, చెయ్యి రెండింతల దూరం ముందుకు వెళ్లి అక్కడ తగులుతుంది. రెండు మూడు ప్రయత్నాలకే కన్ను ఈ కొలతను పట్టేస్తుంది. రూపకర్తలు 30 డిగ్రీలో 60 డిగ్రీలో పెట్టి ఉంటే ఆ కొలత ఎప్పటికీ కంటికి అందేది కాదు. ఆటగాడు ప్రతిసారీ అదృష్టానికి వదిలి విసరవలసి వచ్చేది. స్వేచ్ఛ పెంచుదామని ఎనిమిది దిశలు, పదహారు దిశలు ఇచ్చే ఆటలు చాలా వచ్చాయి. వాటిలో కొన్ని నాకు చాలా ఇష్టం కూడా. కానీ మూడు దిశలకే పరిమితం కావడం వల్ల ఈ ఆటలో ప్రతి గదీ చూడగానే చదవదగిన వాక్యంలా ఉంటుంది.

చదవడం అన్నాను కనుక, ఆటగాడి చూపు ఎటు పోతుందో కూడా గమనించండి. గెంతే ఆటల్లో చూపు నేల మీద ఉంటుంది: ఎక్కడ గొయ్యి ఉంది, ఎక్కడ దిగాలి, అంతే. ఇక్కడ చూపు పైకి లేస్తుంది. గట్టు అంచు దగ్గర నిలబడిన క్షణంలో మొదట వెతికేది పట్టు దొరికే దూలాన్ని, ఆ తరువాత దిగే చోటును. పైగా ఒక గట్టు పైనుంచి చూస్తే నేల, కిందనుంచి చూస్తే కప్పు. ఒకే పలక రెండు పనులు చేస్తుంది. ఆర్కేడ్ ఆటలోని నిలువు దశల్లోనూ, ఇంటి యంత్రం ఆటలోని ఎత్తైన గోపురాల వంటి స్థావరాల్లోనూ ఈ రెట్టింపు అర్థాన్ని రూపకర్తలు నిండుగా వాడుకున్నారు. అంతస్తుల వరుస ఒకదానిపై ఒకటి పేర్చితే చాలు, ఎక్కడానికి ఎన్ని దారులు ఉన్నాయో ఆటగాడే కనిపెట్టుకుంటాడు.

ఇప్పుడు ఊపు సంగతి. చెయ్యి తగలగానే పట్టు ఉడుము పట్టే. దానంతట అది జారదు. మనిషి అటూ ఇటూ ఊగుతూనే ఉంటాడు. నిజమైన లోలకంలో గాలి ఒరిపిడి వల్ల ఊపు క్రమంగా తగ్గిపోతుంది, తాడు పొడవును బట్టి ఊగే కాలం మారుతుంది. ఈ ఆట ఆ శాస్త్రాన్ని యథాతథంగా అనుసరించదు. మనం వదిలే దాకా ఊపు తగ్గకుండా సాగుతుంది. దీనిని లోపంగా చూసేవారు ఉన్నారు. నేను అలా చూడలేను. తగ్గని ఊపు సంగీతంలోని తాళం వంటిది. తాళం మారదు కనుక దాని మీద ఎక్కడ అడుగు వేయాలో నేర్చుకోవచ్చు. నేర్చుకున్నది మరో గదిలో, మరో దశలో కూడా పనికివస్తుంది.

వదిలిన తరువాత శరీరం గాలిలో వంపు తిరిగి ప్రయాణిస్తుంది. మారియోకు ఉన్నంత వెసులుబాటు ఈ సైనికుడికి లేదు. గాలిలో ఉన్నప్పుడు పశ్చాత్తాపపడితే దారి మళ్లదు. అయితే ఒక వరం ఉంది: గాలిలో ఉండగానే చేతిని మళ్లీ విసరవచ్చు. అది మరో దూలానికి తగిలితే మళ్లీ ఊపు, మళ్లీ విడుపు, మళ్లీ పట్టు. నేల విడిచి సాము చేయవద్దని మన భాషలో ఒక హెచ్చరిక ఉంది. ఈ ఆటలో నైపుణ్యం అంటే అచ్చంగా నేల విడిచి చేసే సామే. దీపం నుంచి దీపానికి, దూలం నుంచి దూలానికి, కాలు కింద మోపకుండా ఒక లోయను దాటిన ఆటగాడి ముఖం చూడండి. గెంతుతో ఎన్ని గోతులు దాటినా ఆ వెలుగు రాదు, ఎందుకంటే గెంతులో నిర్ణయం ఒక్కసారే జరుగుతుంది. ఇక్కడ పట్టడం ఒక నిర్ణయం, ఆగడం ఒక నిర్ణయం, వదలడం మరొకటి. మూడూ ఒకటిన్నర రెండు క్షణాలలో జరిగిపోవాలి.

ఈ కదలికకు ఉన్న పదును తెలియాలంటే ప్రాణం ఎంత పలచగా ఉంటుందో కూడా చెప్పాలి. ఆట మొదట్లో ఒక్క గుండు తగిలితే కథ ముగిసినట్లే. పడగొట్టిన సైనికులు వదిలి వెళ్లే తూటాలను పోగుచేసుకుంటూ పోతే క్రమంగా ఓర్పు పెరుగుతుంది, ఒకటికి మించిన దెబ్బలకు తట్టుకునే శక్తి వస్తుంది. అంటే చేతిని వాడడం రాని తొలి దశలోనే ప్రమాదం ఎక్కువ. వచ్చిన తరువాత ప్రమాదం తక్కువ. కొత్తవారికి ఇది కఠినమే, ఆ మాట దాచను. తూటాల కోసం కాసేపు ఒకే చోట తచ్చాడవలసి రావడం కూడా ఆట లయను కొంత చెడగొడుతుంది. కానీ శత్రువులను నిలిపిన తీరు గమనిస్తే రూపకర్తల శ్రద్ధ అర్థమవుతుంది. చాలాచోట్ల సైనికుడు ఊపు ముగిసి కాలు మోపవలసిన చోటనే కాపలా ఉంటాడు. కాబట్టి ఊగే ముందే తుపాకితో దారి శుభ్రం చేసుకోవాలా, లేక పైగట్టు నుంచి చుట్టి రావాలా అన్న ప్రశ్న ప్రతి గట్టు దగ్గరా ఎదురవుతుంది.

చుట్టూ ఉన్న మిగతా ఏర్పాట్లను త్వరగా దాటేస్తాను. పటం మీద హెలికాప్టర్‌ను నడిపించి ఏ ప్రాంతానికి వెళ్లాలో ఆటగాడే ఎంచుకుంటాడు. దిగే ముందు ఒక ఆయుధాన్ని, ఒక సంభాషణ యంత్రాన్ని, ఒక రక్షణ వస్తువును తీసుకుంటాడు. ప్రాంతానికి తగిన సంభాషణ యంత్రం లేకపోతే లోపలి గదుల్లో తనవారితో మాట్లాడడం, శత్రువుల మాటలు చాటుగా వినడం సాధ్యం కాదు. దారిలో శత్రు వాహనాలు ఎదురైతే పైనుంచి చూసే చిన్న యుద్ధం జరుగుతుంది. ఇది 1985 నాటి ‘కమాండో’ను గుర్తు చేస్తుంది, ఆ ఆట వీరుడైన సూపర్ జో ఇక్కడ బందీగా ఉన్నాడు, అతడిని విడిపించడమే మన పని. ఈ పైచూపు యుద్ధాలు నాకు ఎప్పుడూ వెలితిగానే అనిపించాయి. అక్కడ ఎక్కడానికి కప్పు లేదు, ఊగడానికి దూలం లేదు. ఆట తన మాతృభాషను కాసేపు మరచిపోయినట్లు ఉంటుంది.

దీనిని ఇతర ఆటల పక్కన పెట్టి చూస్తే దాని వ్యక్తిత్వం ఇంకా స్పష్టమవుతుంది. 1991 నాటి ‘ఎ లింక్ టు ది పాస్ట్’లో కొక్కెం ఉంది, అది తగిలిన చోటుకు మనిషిని గీత గీసినట్లు లాక్కుపోతుంది. ఊపు లేదు, వదిలే క్షణం లేదు. అది తాళంచెవి వంటి వస్తువు, సరైన చోట వాడితే తలుపు తెరుచుకున్నట్లు దారి తెరుచుకుంటుంది. 1994 నాటి ‘సూపర్ మెట్రాయిడ్’లో ఊపు ఉంది, అది చాలా అందంగా కూడా ఉంటుంది. కానీ అక్కడ కొక్కెంలా పనిచేసే కిరణం పట్టుకునేది ప్రధానంగా అందుకోసమే గుర్తుపెట్టి ఉంచిన దిమ్మెలను. ఎక్కడ ఊగాలో రూపకర్త ముందే వేలు పెట్టి చూపించినట్లు అవుతుంది. పైగా ఆ కథానాయికకు గొప్ప గెంతు ఉంది కనుక, కొక్కెం ఆమెకు ఎన్నో శక్తులలో ఒకటి మాత్రమే.

అదే 1994లో జపాన్‌లో వెలువడిన ‘ఉమిహారా కవాసే’ మాత్రం వేరే లోతుల్లోకి వెళ్లింది. వీపున సంచి వేసుకున్న ఒక అమ్మాయి, చేతిలో గాలం. ఆ గాలపు తాడు రబ్బరులా సాగుతుంది. తాడును విడిచి పొడవు పెంచవచ్చు, చుట్టి తగ్గించవచ్చు. ఊపు అడుగుభాగానికి వచ్చినప్పుడు తాడు చుట్టితే వేగం పెరుగుతుంది. ఉయ్యాల మీద నిలబడి సరైన క్షణంలో ఒళ్లు పైకి లేపితే ఊపు పెరగడానికి ఉన్న కారణమే దీనికీ కారణం. సాగిన తాడులో దాగిన శక్తి మనిషిని విల్లు నుంచి వెలువడిన బాణంలా విసురుతుంది. ఆ అమ్మాయికి చిన్న గెంతు ఉంది, కానీ దానితో చాలా దూరం పోలేం. ‘బయోనిక్ కమాండో’ తాళబద్ధమైన పద్యమైతే ఇది రాగాలాపన వంటిది: ఒకే గదిలో ఒక ఆటగాడు పోయిన దారిన మరొకడు పోనక్కరలేదు. ఏది గొప్ప అని నన్ను అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే. మొదటిది చూసి నేర్చుకోవచ్చు, రెండవది చేసి మాత్రమే నేర్చుకోగలం. రూపకర్త ఏ రకమైన శిష్యుడిని కోరుకుంటున్నాడన్నదే తేడా.

నా దగ్గర చదువుకునే విద్యార్థులకు నేను ఒక అభ్యాసం ఇస్తూ ఉంటాను. ఒక చిన్న ఆట, అందులో గెంతు ఉంటుంది, కొక్కెపు తాడు ఉంటుంది, కొన్ని గదులు ఉంటాయి. ఆడమంటాను. ఒక గంట గడిచేసరికి చాలామంది తాడును మరచిపోతారు. గెంతితే చేరగలిగిన చోటుకు ఎవరూ ఊగి వెళ్లరు. అప్పుడు గెంతు బటన్ తీసేసి, గదుల్లో ఒక్క పలక కూడా మార్చకుండా మళ్లీ ఇస్తాను. మొదట విసుక్కుంటారు. తరువాత కప్పు వైపు చూడడం మొదలుపెడతారు. చివరకు, నేను ఆ గదులు గీసినప్పుడు నాకే తోచని దారులు కనిపెట్టి తెచ్చి చూపిస్తారు. ఒక కదలికను బలపరచడానికి దానికి కొత్త శక్తులు జోడించడం ఒక పద్ధతి. దాని పక్కన ఉన్న సులువైన ప్రత్యామ్నాయాన్ని తొలగించడం ఇంకొక పద్ధతి. ఈ రెండవ పద్ధతికి ‘బయోనిక్ కమాండో’ కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ మాటకు ఒక ఎదురు పరీక్ష కూడా చరిత్రలోనే జరిగింది. 2008లో ఈ ఆటను ‘బయోనిక్ కమాండో రీఆర్మ్‌డ్’ పేరుతో కొత్త బొమ్మలతో పునర్నిర్మించారు. అప్పుడు గెంతు లేకపోవడాన్ని అలాగే ఉంచారు, అభిమానులు సంతోషించారు. 2011లో వచ్చిన రెండవ భాగంలో గెంతును చేర్చారు. అది చెడ్డ ఆట అని నేను అనను. కొత్తవారికి ప్రవేశం తేలికైంది, అది చిన్న మేలు కాదు. అయినా ఆడుతున్నంతసేపూ నా చెయ్యి చాలాచోట్ల తాడు వైపు పోలేదు. చిన్న అడ్డంకులన్నీ గెంతుకే లొంగిపోయాయి. తాడు వాడవలసిన చోట్లు ప్రత్యేక సందర్భాలుగా మిగిలాయి. మొదటి ఆటలో ఒక పీపాను దాటడానికి కూడా తల పైకెత్తి పట్టు వెతుక్కోవలసి వచ్చేది, ఆ వెతుకులాటే ఆటగాడిని వేల సార్లు సాధన చేయించేది. పెద్ద లోయ ఎదురయ్యేసరికి అతడు సిద్ధంగా ఉండేవాడు.

ఆ సిద్ధపాటు అంతా ఎక్కడికి చేరుతుందో చెప్పి ముగిస్తాను. ఆట చివర శత్రునాయకుడు హెలికాప్టర్‌లో తప్పించుకోబోతాడు. ఆటగాడి చేతికి ఒక బజూకా అందుతుంది. అప్పటిదాకా ఆట నేర్పినదంతా ఒక్కటే: నేల వదిలే ముందు పట్టు చూసుకో, పట్టు వదిలే ముందు దిగే చోటు చూసుకో. ఇప్పుడు ఆ రెండూ లేవు. గట్టు అంచు నుంచి కిందికి పడుతూ, కాక్‌పిట్ కళ్ల ముందుకు వచ్చిన ఆ ఒక్క క్షణంలో కాల్చాలి. గురి తప్పితే విసరడానికి దూలం లేదు, దిగడానికి నేల లేదు. బటన్ మీద ఉన్న వేలు అలవాటుగా చేతిని విసరాలని చూస్తుంది. దానిని ఆపుకుని, రెండవ బటన్ నొక్కాలి.